ఘంటసాల వేంకటేశ్వరరావుగారు: అద్భుతకథలకు స్వరము కూర్చిన గాయకుడు

ఎగిరెడు గుఱ్ఱములు, మాయామందిరములు, మంత్రగాండ్రు లేని బాల్యము లోకమున నెచ్చటను లేదు. అట్టి అద్భుతకథలను సంగీతముగా మార్చుటయు నొక కళ. స్వీడను దేశీయుడగు బో హాన్సన్, ఆంగ్లరచయిత టోల్కీను వ్రాసిన కథ నాధారముగా గొని, 1970వ సంవత్సరమున మాటలు లేని వాద్యసంగీతమును వెలువరించెను. 1979లో ఇంగ్లండున నేర్పడిన మారిలియన్ అను రాక్ సంగీతబృందము, అదే రచయిత సిల్మరిలియన్ గ్రంథమునుబట్టి తన పేరు పెట్టుకొనెను. వీరికి సుమారు ఇరువదేండ్లు ముందుగనే తెలుగునాట అద్భుతకథలకు స్వరము కూర్చిన మహనీయులు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. వారి చరిత్రము విద్యార్థులెల్లరు తెలిసికొనదగినది.

ఘంటసాలవారు 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన, కృష్ణామండలమున గుడివాడ సమీపమందలి చౌటపల్లిలో జన్మించిరి. ఆ మండలమునుండి వచ్చి నిజాంసాగరు కాలువలక్రింద సేద్యము చేయుచున్న కుటుంబములు మన వర్ని ప్రాంతమున గలవు గనుక, ఆ పల్లెసీమ మనకు బొత్తిగా పరాయిది కాదు. తండ్రి సూరయ్యగారు భజనలు పాడుచు మృదంగము వాయించెడివారు. ఆ తరంగములకు అడుగులు వేసెడి చిన్నవానిని జనులు బాలభరతుడని ముద్దుగా పిలిచెడివారు. కుమారుడు సంగీతవిద్వాంసుడు కావలెనని తండ్రి కోరిక. ఆ కోరిక తీరకముందే ఆయన కాలధర్మము నొందెను.

మేనమామ యాదరణలో పెరుగుచున్న బాలునకు తండ్రిమాటయే ఆస్తి యయ్యెను. సంగీతము నేర్పువారి యిండ్లలో బట్టలుతికి, వంట చేసి కొంతకాలము గడపెను గాని, కోరినంత విద్య లభింపలేదు. తుదకు వ్రేలి యుంగరము నమ్ముకొని, ఆ సొమ్ముతో విజయనగరము చేరెను. అచ్చటి విజయరామ గానపాఠశాల 1919లో స్థాపితమైనది. అందలి యుపాధ్యాయులగు పట్రాయని సీతారామశాస్త్రిగారు ఈ బాలుని చేరదీసి, వేతనము గొనకయే గాత్రము నేర్పిరి. గురువుగారును పేదవారే. విద్య పెట్టగలిగిరి గాని అన్నము పెట్టజాలరైరి. అందుచే శిష్యుడు జోలె పట్టి ఇంటింట మధూకర మెత్తి కడుపు నింపుకొనుచు, సాధన మానక, సంగీతవిద్య ముగించెను.

1942లో క్విట్ ఇండియా ఉద్యమము చెలరేగగా, పాటలు పాడుచు ప్రజలను మేల్కొలిపిన ఈ యువకుని ప్రభుత్వము బంధించెను. బళ్ళారి అలీపురము కారాగారమున పదునెనిమిది మాసములు గడపవలసివచ్చెను. 1944లో వివాహమాడిరి. పిమ్మట ప్రసిద్ధ రచయిత సముద్రాల రాఘవాచార్యులుగారి ప్రోత్సాహమున చెన్నపట్టణము చేరి, రేడియోలోను, చలనచిత్రములలో బృందగానములందును పాడుచు, మెల్లగా పైకి వచ్చిరి.

1949లో కీలుగుఱ్ఱము చిత్రమునకు వారు సంగీతము కూర్చిరి. కఱ్ఱగుఱ్ఱము ఆకాశమున నెగురు ఆ కథను ప్రజలు మిక్కిలి ఆదరించిరి. 1951లో విజయావారి పాతాళభైరవి వెలువడెను. దాని కథకు మూలము మధిర సుబ్బన్నదీక్షితులుగారి కాశీమజిలీ కథలలో కలదు. కాశికి నడచిపోవు యతి, త్రోవలో ప్రతి మజిలీయందును తన వెంట వచ్చు పసులకాపరికి చెప్పిన చిత్రకథలే ఆ గ్రంథము. తాతలు అరుగులపై చదివి వినిపించిన యట్టి కథకు తెరమీద రూపమిచ్చినవారు దర్శకులు కె.వి. రెడ్డిగారు, మాటలు పాటలు వ్రాసినవారు పింగళి నాగేంద్రరావుగారు, స్వరమిచ్చినవారు ఘంటసాలవారు.

తెరమీది మాయ కన్నులను భ్రమింపజేయవచ్చును గాని, చెవి నమ్మనిదే మనస్సు నమ్మదు. మంత్రగాని గుహ భయము గొల్పవలెను. తోటమాలి కొడుకునకు రాజకుమారిపై గల ప్రేమ నిజమని తోపవలెను. ఘంటసాలవారు శాస్త్రీయరాగములను విడువక, వానిని పామరుడు సైతము పాడుకొనగల తేటబాణీలలోనికి దింపిరి. కథానాయకుని పాటలను తామే పాడిరి. 1957లో వచ్చిన మాయాబజారునకు సాలూరి రాజేశ్వరరావుగారు కొన్ని బాణీలు కట్టి విరమింపగా, తక్కిన పని వీరే నిర్వహించి, ఇరువురి కూర్పును ఒక్క చేతి పనివలె నిలిపిరి.

1970లో భారతప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదమిచ్చెను. 1971లో ఐరోపా, అమెరికా దేశములందు పర్యటించి కచేరీలు చేసిరి. కడపటి దినములలో ఆరోగ్యము సన్నగిల్లుచున్నను భగవద్గీతా శ్లోకములను గానము చేసి రికార్డు చేయించిరి. 1974 ఫిబ్రవరి 11వ తేదీన చెన్నపట్టణమున దివంగతులైరి. అప్పటికి వారి వయస్సు ఏబదియొక్క సంవత్సరములు మాత్రమే.

విద్యార్థులారా! పాతాళభైరవి కథలో తోటరామునకు ప్రతిమ యొకటి లభించును. కోరినంతనే మేడ లేచును, ధనము కురియును. ఆ కథకు పాటలు కట్టినవానికి మాత్రము అట్టి ప్రతిమ ఎన్నడును దొరకలేదు. ఆయనకు దొరికినవి తండ్రి మాట, గురువు దయ, పరుల యింటి అన్నము. వీనికి తోడుగా ఆయన చేర్చుకొన్నది నిత్యసాధన మొక్కటియే. అద్భుతకథలను సంతోషముగా చదువుడు, వినుడు. వానిని మనకు వినిపించిన కంఠము ఏ మంత్రముచేతను రాలేదని మాత్రము మరువకుడు. నేడు మీలో చదువు మానవలసివచ్చునేమో యని దిగులుపడు పేదబాలుడున్నచో, విజయనగరపు వీథులలో జోలె పట్టి నడచిన ఆ శిష్యుని తలచుకొని ధైర్యము వహించునుగాక.