శ్వాసకు ఇంధనం లెక్క: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

బుచ్చయ్యపేట, చోడవరం పక్కల బెల్లం వండే రైతుకు ఒక లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు. పెనంలో రసం పాకానికి రావాలంటే పొయ్యిలోకి ఎంత చెరుకు పిప్పి ఎగదొయ్యాలో అతని చేతికే తెలుసు. తక్కువైతే పాకం రాదు, ఎక్కువైతే మాడిపోతుంది. పెద్దాసుపత్రిలో వెంటిలేటరు మీద పడుకున్న రోగి దగ్గర డాక్టర్లకు ఎదురయ్యే చిక్కు కూడా ఇటువంటిదే. ఆకలి అని నోరు తెరిచి చెప్పలేని మనిషి. ముక్కులోంచి వేసిన గొట్టం ద్వారానో, నరంలోకో ఆహారం పంపాలి. ఎంత పంపాలి? తక్కువ పంపితే కండ కరిగిపోతుంది. ఎక్కువ పంపితే, అందులోనూ చక్కెర ఎక్కువైతే, ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరిగి, దాన్ని బయటికి నెట్టలేక ఊపిరితిత్తులు మరింత అలసిపోతాయి. యంత్రం తీసేసే రోజు వెనక్కి జరుగుతుంది.

ఈ ఇంధనం శరీరం లోపల ఏ నాణెంగా మారి ఖర్చవుతుందో లోకానికి చూపించిన ఇద్దరు ముగ్గురిలో ఒకరు మన గోదావరి మనిషి. ఆయన పేరు విన్నవాళ్ళు మన కాలేజీలో చాలామందే ఉన్నారు గాని, ఆయన చేసిన పనిలో ఈ ముక్క మాత్రం తక్కువమందికి తెలుసు. అందుకే ఈ వ్యాసం.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. చదువు మీద మొదట్లో ఏమంత శ్రద్ధ లేదు. పదమూడేళ్ళ వయసులో కాశీ పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు విడిచి బయల్దేరితే, తల్లి పట్టుకొచ్చి మళ్ళీ బడిలో వేసిందని చెబుతారు. మెట్రిక్యులేషను మూడో ప్రయత్నానికి గాని దాటలేదు, అదీ మద్రాసు హిందూ హైస్కూలు నుంచి. పరీక్ష పోయి హాస్టలు గదిలో ముసుగు తన్ని పడుకున్న మిత్రులెవరైనా ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటరు అయ్యాక రామకృష్ణ మిషనులో చేరి సన్యసిద్దామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే సేవా చేసినట్టుంటుంది, తల్లి మాటా దక్కుతుందని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువుకు స్నేహితులు, ఆపైన పిల్లనిచ్చిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి సాయం చేశారు. అవి గాంధీగారి పిలుపు దేశమంతా మోగుతున్న రోజులు. సుబ్బారావు ఆపరేషను గదిలోకి ఖద్దరు తొడుక్కుని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డుకి అది గిట్టలేదు. రాత పరీక్షల్లో బాగా రాసినా చివరకు చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటే తక్కువైన ఎల్.ఎం.ఎస్. సర్కారు వైద్య ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో డాక్టరు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం పాఠాలు చెప్పుకున్నారు. ఈలోగా స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి అన్నదమ్ములను పొట్టనబెట్టుకుంది. మనిషి తింటూనే ఒంటికి పట్టక చిక్కి శల్యమయ్యే రోగం అది. తిన్నది ఒంట్లో ఏమవుతుందన్న ప్రశ్న ఆయన్ను జీవితమంతా వదలకపోవడానికి ఇదే కారణమేమోనని నాకనిపిస్తుంది.

1920ల మొదట్లో, గర్భవతి అయిన భార్య శేషగిరిని పుట్టింట ఉంచి, మామగారి సొమ్ముతోను కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ వాగ్దానం చేసిన సాయంతోను ఓడ ఎక్కి బోస్టను చేరారు. ఇక్కడ పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి వాడి ముఖం చూడనే లేదు. బోస్టనులో హార్వర్డు ఉష్ణమండల వ్యాధుల స్కూల్లో చదువుతూ, పొట్టకూటికి రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. డిప్లొమా తీసుకున్నాక హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడి దగ్గర చేరారు.

ఫిస్క్ ఇచ్చిన పని చూడ్డానికి చిన్నదే. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో సులువుగా కొలిచే పద్ధతి కావాలి. 1925లో వాళ్ళిద్దరి పేర్లతో ఆ పద్ధతి అచ్చయింది. సూత్రం మన బి.ఎస్సీ. విద్యార్థికి కూడా అర్థమవుతుంది. ఫాస్ఫేటుకు ఆమ్లంలో మాలిబ్డేటు కలిపితే ఒక సంయోగపదార్థం ఏర్పడుతుంది. దాన్ని తగిన క్షయకరణితో క్షయకరిస్తే నీలిరంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అన్న పేరు ఇప్పటికీ జీవరసాయన ప్రయోగాల పుస్తకాల్లో ఉంది. నేడు చాలా లాబొరేటరీల్లో యంత్రాలు నీలిరంగు మెట్టు దాకా పోకుండానే కొలిచేస్తున్నాయి గాని మాలిబ్డేటు మాత్రం పోలేదు.

ఆ నీలిరంగు ఆడిన ఆట చూడండి. కండరం రసంలో భాస్వరం కొలుస్తుంటే, రంగు రావలసిన వేగంతో రాక మెల్లమెల్లగా పెరుగుతోంది. ఇంకొకరైతే కొలత తప్పిందని పారబోసి మళ్ళీ మొదలుపెట్టేవారు. వీళ్ళు ఆగి చూశారు. ఆమ్లంలో కొద్దికొద్దిగా విడిపోతూ భాస్వరాన్ని వదిలే పదార్థం ఏదో అందులో ఉందని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడా దీని జాడ పట్టారు. అంతకు ముందు, కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతం రాజ్యమేలుతుండేది. దానికి సంబంధించిన పనికే హిల్, మెయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి దక్కింది. ఆ సిద్ధాంతం పునాది కదిలింది. 1929లో ఫిస్క్, సుబ్బారావులు కండరం నుంచి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అంటే ఏ.టి.పి.ని, వేరుచేసి చూపారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. మనం తిన్న గంజి అయినా గారె అయినా చివరకు ఈ నాణెంగా మారితేనే గుండె కొట్టుకుంటుంది, ఊపిరి ఆడుతుంది. విశ్రాంతిగా పడుకున్న మనిషి కూడా రోజు మొత్తంలో దాదాపు తన బరువంత ఏ.టి.పి.ని ఖర్చు చేసి తిరిగి తయారుచేసుకుంటాడని అంచనా.

ఇక వెంటిలేటరు సంగతి. ఏ.టి.పి. తయారీకి ప్రాణవాయువు కావాలి గనుక, రోగి నిమిషానికి ఎంత ప్రాణవాయువు పీలుస్తున్నాడో, ఎంత బొగ్గుపులుసు వాయువు వదులుతున్నాడో కొలిస్తే లోపల ఎంత ఇంధనం కాలుతోందో చెప్పవచ్చు. పొగను కొలిచి పొయ్యిలో పిప్పి ఎంత కాలిందో చెప్పినట్టన్న మాట. సుబ్బారావు చేరేనాటికే ఆ బోస్టను నగరంలోనే కార్నెగీ పోషణ పరిశోధనశాలలో బెనెడిక్ట్ ఈ కొలతలు చేస్తున్నాడు. మనిషి ఎత్తు, బరువు, వయసు బట్టి కేలరీలు అంచనా వేసే హారిస్–బెనెడిక్ట్ సూత్రం 1919లో వెలువడింది. ఆరోగ్యవంతుడికి పనికొచ్చే ఆ సూత్రం జ్వరం, గాయాలు, మత్తుమందుల మధ్య ఉన్న రోగి దగ్గర తరచుగా తప్పుతుంది. అందుకే కొలవడం మేలు. స్కాట్లండు దేశస్థుడు వియర్ 1949లో ఇచ్చిన సూత్రం ప్రకారం, నిమిషానికి పీల్చిన ప్రాణవాయువు లీటర్లను 3.94తోను, వదిలిన బొగ్గుపులుసు వాయువు లీటర్లను 1.11తోను గుణించి, రెండూ కలిపి, 1440 నిమిషాలతో హెచ్చవెయ్యాలి. నిమిషానికి 250 మిల్లీలీటర్లు పీల్చి 200 వదిలేవాడికి రోజుకు సుమారు 1740 కిలోకేలరీలు అవుతాయి. ఇప్పుడు వెంటిలేటరు గొట్టానికే తగిలించి కొలిచే యంత్రాలున్నాయి. అయితే గొట్టంలో గాలి లీకయినా, ఇచ్చే గాలిలో ప్రాణవాయువు 60 శాతం దాటినా కొలతను నమ్మడం కష్టం. యంత్రం లేనిచోట కిలో బరువుకు రోజుకు 20–25 కిలోకేలరీలు అనుకుని నడుపుతారు. మొదటి మూడు నాలుగు రోజుల్లో ఖర్చయ్యేదంతా పెట్టెయ్యక, 70 శాతానికి లోపే ఉంచడం మంచిదని ఐరోపా వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి.

సుబ్బారావుగారి భాస్వరం మళ్ళీ ఇక్కడ ఎదురవుతుంది. చాలా రోజులు పస్తున్న రోగికి ఒక్కసారిగా చక్కెర, పాలు దండిగా పంపితే, కణాలు ఆ ఆహారాన్ని పట్టుకోబోతూ రక్తంలోని ఫాస్ఫేటును లోపలికి లాగేస్తాయి. రక్తంలో అది పడిపోతుంది. ఫాస్ఫేటు లేక ఏ.టి.పి. తయారీ కుంటుపడుతుంది. ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ కండరం నీరసించిపోతుంది. వెంటిలేటరు మీదున్న అటువంటి రోగులకు ఫాస్ఫేటు ఎక్కిస్తే డయాఫ్రమ్ బలం పెరగడం 1985లో వైద్యులు కొలిచి చూపారు. అందుకని ఆహారం మొదలుపెట్టిన రోజుల్లో ఫాస్ఫేటు ఎప్పటికప్పుడు చూస్తారు. డెసిలీటరుకు 2 మిల్లీగ్రాములకు పడిపోయిందంటే ఆహారం తగ్గించి ఫాస్ఫేటు ఇస్తారు. ఆ చీటీ మీది చిన్న అంకె వెనక 1925 నాటి ఆ ఇద్దరి పని ఉంది.

హార్వర్డు మాత్రం ఆయన్ను నెత్తిన పెట్టుకోలేదు. 1930లో పిహెచ్.డి. వచ్చింది, శాశ్వత ఉద్యోగం రాలేదు. తర్వాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులను చాలా ఏళ్ళకు వేరేవాళ్ళు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని, ఫిస్క్ వాటిని వెలుగులోకి రానివ్వకపోవడమే కారణమని చెప్పాడు. గురుశిష్యుల మధ్య లోపాయకారీగా ఏం జరిగిందో తేల్చడం మన పని కాదు. మనిషి మాత్రం తన పేరు కోసం పోట్లాడే రకం కాదు.

1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు మారారు. రెండేళ్ళకు పరిశోధన విభాగానికంతటికీ డైరెక్టరయ్యారు. ఆ తర్వాత ఆరేళ్ళలో అక్కడ జరిగిన పని చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందయింది. దాన్ని ఎదిరించే అమినోప్టెరిన్‌తో బోస్టను డాక్టరు ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సరును తాత్కాలికంగానైనా మొట్టమొదటిసారి అణచగలిగాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. మన కోస్తాలో ఎందరి కాళ్ళనో ఏనుగు కాళ్ళు చేసిన బోదకాలు వ్యాధికి హెట్రజాన్ మాత్ర వచ్చింది. డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టింది కూడా ఈయన ఆధ్వర్యంలోనే.

అమెరికా చట్టం మారి భారతీయులు పౌరులు కావచ్చని 1946లో తలుపు తెరిచినా, ఆయన ఆ పౌరసత్వం తీసుకోలేదు. స్వదేశానికి తిరిగి రానూ లేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి న్యూయార్కులో నిద్రలోనే గుండె ఆగి పోయారు. అప్పటికి వయసు 53. శేషగిరమ్మ అన్నేళ్ళూ ఇక్కడే ఎదురుచూస్తూ ఉన్నారు. భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది 1995లో, పుట్టిన నూరేళ్ళకు.