జకార్డు: మగ్గమునకు చదువు నేర్పిన నేతగాడు

కామాఠీపుర గల్లీలలోను, వర్లీ, పరేలు ప్రాంతపు చాళ్లలోను స్థిరపడిన మన తెలుగువారిలో నేతపని ఎరిగిన కుటుంబములు అనేకము. జకార్డు అను మాట ఆ ఇండ్లలో తెలియనిది కాదు. ఐనను అది ఒక మనిషి పేరని ఎరుగనివారు పెక్కుమంది. ఈ ఉగాది సంచికలో ఆయన జీవితమును క్లుప్తముగా మనవి చేయుచున్నాము.

జోసెఫ్ మారీ జకార్డు 1752 జూలై 7వ తేదీన ఫ్రాన్సు దేశమునందలి లియాన్ నగరమున, పట్టునేత కుటుంబమున జన్మించెను. బడికి పోలేదు. పదమూడవ ఏటి వరకు అక్షరము రాదు. అచ్చుకూటము నడుపు బావగారు చదువు చెప్పెను. తండ్రి గతించిన పిదప సంక్రమించిన ఆస్తి నిలువలేదు. 1793లో కుమారునితో కూడ లియాన్ రక్షణకై పోరాడెను. తరువాతి యుద్ధములో ఆ కుమారుడు మరణించెను.

ఆ కాలమున పువ్వులు, లతలు గల పట్టుబట్టకు నేతగాడొక్కడు చాలడు. ప్రక్కన మరియొకరు, తరచు ఒక బాలుడు, కావలసిన పడుగు పోగులను త్రాళ్లతో ఎత్తిపట్టవలెను. ఒక్క త్రాడు తప్పిన పువ్వు చెడును. బూషాన్, ఫాల్కన్, వోకాన్‌సన్ అను వారు ఈ చిక్కును విడదీయుటకు అదివరకే యత్నించిరి. వారి కృషిని పరిశీలించి, లోపములు సవరించి, 1804లో జకార్డు తన యంత్రమును సిద్ధపరచెను.

దాని కీలకము రంధ్రములు గల అట్టలందున్నది. రంధ్రమున్న చోట సూది లోనికి పోవును, దాని కొక్కెము పోగును ఎత్తును. రంధ్రము లేని చోట ఎత్తదు. పేకకొక అట్ట. అట్టల దండ మార్చిన చాలు, అదే మగ్గము వేరొక పువ్వును నేయును.

1806లో ఫ్రెంచి ప్రభుత్వము ఈ మగ్గమును ప్రజల సొత్తుగా ప్రకటించి, జకార్డుకు భరణమును, మగ్గమొక్కంటికి కొంత పైకమును ఏర్పరచెను. ఎవరైనను చేసికొనవచ్చును. కాని కూడు పోవునని భయపడిన లియాన్ నేతగాండ్రు యంత్రములను తగులబెట్టిరి, ఆయనపై చేయిచేసుకొనిరి. 1812 నాటికి ఫ్రాన్సులో 11,000 మగ్గములు ఆడుచుండెను. ఆ నేతగాండ్రను చూచి మనము నవ్వరాదు. కారణములు వేరైనను, 1982 జనవరి 18న మొదలైన బొంబాయి మిల్లుల సమ్మె పిదప పని పోయిన ఇంటి బాధ మన చాళ్లు ఎరుగును.

జకార్డు 1834 ఆగస్టు 7న ఊలాన్ గ్రామమున కన్నుమూసెను. 1839లో ఆయన రూపమునే సుమారు 24,000 అట్టలతో పట్టుపై నేసిరి. ఆంగ్ల గణితజ్ఞుడు బాబేజి అట్టి ప్రతి నొకదానిని సంపాదించెను; తాను తలపెట్టిన గణన యంత్రమునకు అంతకు మునుపే ఆ అట్టల పద్ధతిని స్వీకరించియుండెను. 1843లో అడా లవ్‌లేస్ ఆ యంత్రమునకు లెక్కల క్రమమును వ్రాసి ప్రకటించెను. 1890 అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ అట్టలతోనే తేల్చెను.

నేటి కంప్యూటరు, చేతి ఫోను అప్లికేషన్లకును సూత్రమిదియే: యంత్రమొకటి, ఆజ్ఞలు వేరు. వాటిని వ్రాయు పనిముట్లు నేడు చాలవరకు ఉచితము. ఫోనుకు ఆండ్రాయిడ్ స్టూడియో, బల్లపై కంప్యూటరుకు పైథాన్ భాష, పిల్లల తొలి అడుగులకు యాప్ ఇన్వెంటర్ కలవు. భారత ప్రభుత్వపు స్వయం పాఠములు ఇంటినుండియే వినవచ్చును. ఐనను ఉచితమైనంత మాత్రమున చేతికందినట్లు కాదు. పాఠములు ఎక్కువగా ఇంగ్లీషున నున్నవి, చాలీలోని ఒక్క గదిలో చదువుకొను చోటు తక్కువ. జకార్డుకు ఒక బావగారు దొరికెను. మన పిల్లలకు ఆ బావగారు మన సంఘములే కావలెను. సాయంకాలము ఒక గది, రెండు యంత్రములు, తెలుగున విడమరచి చెప్పు ఒక యువకుడు చాలును.

పడుగు పోగుల లెక్క తప్పని చేతుల సంతతికి ఈ విద్య కొత్తది కాదని నమ్ముచు, పాఠకులకు నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలుపుచున్నాము.