వర్షసూచనకు బాట వేసిన భూగర్భ శాస్త్రవేత్త

ఏటా ఏప్రిల్‌లో కేంద్ర వాతావరణ శాఖ వెలువరించే నైరుతి రుతుపవనాల అంచనా కోసం రైతులతోపాటు ఆర్థిక శాఖ, ధాన్యం వర్తకులు సైతం ఎదురుచూస్తారు. ఈ అంచనాలకు ఆద్యుడైన హెన్రీ ఫ్రాన్సిస్ బ్లాన్‌ఫర్డ్ మన దేశానికి వచ్చింది వానల కోసం కాదు, రాళ్లను పరిశీలించడానికి.

1834లో లండన్‌లో జన్మించిన బ్లాన్‌ఫర్డ్ అక్కడి గనుల విద్యాలయంలో చదువుకున్నారు. 1855లో సోదరుడు విలియంతో కలిసి భారత భూగర్భ పరిశోధన సంస్థలో చేరారు. ఒరిస్సాలోని తాల్చేరు బొగ్గు క్షేత్రంలోనూ, తిరుచిరాపల్లి ప్రాంతంలోనూ పనిచేశారు. ఆరోగ్యం దెబ్బతినడంతో ఆ ఉద్యోగం విడిచి 1862లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడయ్యారు. మామూలుగా అయితే ఆయన జీవితం ఆ తరగతి గదుల్లోనే గడిచిపోయేది.

1864 అక్టోబరు 5న వచ్చిన పెను తుపాను దానిని మలుపు తిప్పింది. హుగ్లీ నదిలోకి ఎగదన్నిన ఉప్పెనలో వేలాది మంది జలసమాధి అయ్యారు. నెల తిరగకముందే, నవంబరు 1న మన బందరును మరో ఉప్పెన ముంచెత్తి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. కలకత్తా తుపానుపై విచారణ బాధ్యతను గాస్ట్రెల్ అనే సైనికాధికారితోపాటు బ్లాన్‌ఫర్డ్‌కు అప్పగించారు. ఓడల దినచర్య పుస్తకాలను, రేవుల్లోని భారమితి లెక్కలను ఒకచోట చేర్చి చూడగా, అండమాన్ దీవుల దిశ నుంచి ఆ తుపాను రోజుల తరబడి నడిచి వచ్చినట్లు తేలింది. తీరవాసులకు మాత్రం దాని జాడే తెలియలేదు. వారి నివేదిక 1866లో అచ్చయింది. అదే ఏడాది ఒరిస్సా కరువులో లక్షలాది ప్రాణాలు పోయాయి. మరుసటి సంవత్సరం బ్లాన్‌ఫర్డ్ బెంగాల్ వాతావరణ అధికారిగా నియమితులయ్యారు.

అప్పటికి మద్రాసు, బొంబాయి, పంజాబు రాష్ట్రాలు ఎవరికి తోచిన తీరున వారు గాలిని, వానను కొలుస్తుండేవి. భారమితులు ఒకదానితో ఒకటి సరిపోలేవి కావు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడి, దాని తొలి అధిపతిగా బ్లాన్‌ఫర్డ్ చేసిన మొదటి పని ఈ గజిబిజిని సరిదిద్దడమే. పరికరాలన్నింటినీ కలకత్తాలోని ప్రామాణిక భారమితితో సరిచూడాలి. వేర్వేరు ఎత్తుల్లో తీసిన కొలతలను సముద్ర మట్టానికి సవరించాలి. ఆపైనే సమాన పీడనం గల ఊళ్లను కలుపుతూ పటంపై గీతలు గీయాలి. అలా గీసినప్పుడే అల్పపీడనం ఎక్కడుందో, గాలి ఎటు మళ్లుతున్నదో కంటికి కనబడుతుంది. కొలతలో చిన్న దోషమున్నా లేని వాయుగుండం పటంలో పుట్టుకొస్తుంది. చూడ విసుగు పుట్టించే ఈ గుమాస్తా పనే ఆయన చేసిన అన్నిటిలోకీ గొప్పదని చెప్పవచ్చు. తంతి వార్తల ఆధారంగా 1878లో సిమ్లా నుంచి దినసరి వాతావరణ నివేదిక వెలువడసాగింది. 1885లో పంజాబు యువకుడు రుచిరామ్ సాహ్నీని చేర్చుకుని ఆయనే స్వయంగా తర్ఫీదు ఇచ్చారు. ఆ శాఖలో అధికారి హోదా పొందిన తొలి భారతీయుడు సాహ్నీయే.

ఈలోగా 1876-78 మహాక్షామం రాయలసీమతో సహా దక్షిణాదిని పీల్చి పిప్పి చేసింది. వానలు ఎప్పుడు ముఖం చాటేస్తాయో ముందే చెప్పగలరా అని ప్రభుత్వం బ్లాన్‌ఫర్డ్‌ను అడిగింది. కరువు ఏళ్లలో అధిక పీడనం ఏ ఒక్క రాష్ట్రానికో పరిమితం కాక విశాల భూభాగాన్ని ఆవరించి ఉండటం ఆయన గమనించారు. భారతదేశంలోనూ, రష్యాలోనూ పీడనం తక్కెడ సిబ్బెల వలె ఎగుడుదిగుడవుతుందని 1880లో ప్రకటించారు. 1884లో మరో మెట్టు ఎక్కారు: వసంతం చివర హిమాలయాల్లో మంచు ఎక్కువగా పడితే వాయవ్యం నుంచి పొడి గాలులు బలపడి రుతుపవనాలను అడ్డగిస్తాయన్నది ఆయన సిద్ధాంతం. 1882 నుంచి నాలుగేళ్లు ప్రయోగాత్మకంగా అంచనాలు తయారుచేసి, 1886 జూన్ 4న భారత్, బర్మాలకు తొలి అధికారిక దీర్ఘకాలిక సూచన వెలువరించారు.

అయితే ఆయన చేతిలో ఉన్నది నేలమీది పటమే. ఎగువ గాలుల సంగతిని కొండల మీది కొద్దిపాటి కేంద్రాలను బట్టి ఊహించవలసిందే. ఆ లోటు ఆయన హయాంలో తీరలేదు. ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లండు వెళ్లిన బ్లాన్‌ఫర్డ్ 1893 జనవరిలో ఫోక్‌స్టోన్‌లో కన్నుమూశారు. ఆయన వారసుడు జాన్ ఎలియట్ 1899లో మంచి వానలు పడతాయని సూచించగా, తీరా ఘోరమైన కరువు వచ్చింది. 1904లో పగ్గాలు చేపట్టిన గిల్బర్ట్ వాకర్ మంచుతోపాటు సుదూర సముద్ర ప్రాంతాల పీడనాలను కూడా లెక్కలోకి తీసుకున్నారు. 1914లో ఆగ్రాలో బెలూన్ల ద్వారా ఎగువ గాలుల పరిశీలన ఆరంభమైంది. నేలమీది పటానికి పై పటాలు తోడైన తరువాతే, 1950వ దశకంలో తెలుగువాడైన పంచేటి కోటేశ్వరం రుతుపవన కాలంలో చాలా ఎత్తున వీచే తూర్పు జెట్ ప్రవాహాన్ని వెల్లడించగలిగారు.

మంచు సిద్ధాంతమూ మరుగున పడలేదు. యూరేషియా మంచుకు, మన వానలకు విలోమ సంబంధం కనబడుతున్నదని ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 1976లో ఒక అధ్యయనం పేర్కొన్నది. 1988లో వాతావరణ శాఖ అమలులోకి తెచ్చిన పదహారు అంశాల నమూనాలో హిమాలయ మంచుకు చోటు దక్కింది. 2002 కరువును పసిగట్టలేకపోవడంతో మరుసటి ఏడాది ఆ నమూనాను శాఖ పక్కన పెట్టింది.