గుంటూరు డాక్టరమ్మ మేరీ గ్లౌరీ

చాదర్‌ఘాట్, అబిడ్స్, నాంపల్లి బస్తీల్లో మనలో ఎవరికైనా నెలలు నిండితే కోఠి ప్రసూతి ఆసుపత్రికి పోతాం. లేడీ డాక్టరమ్మ చూస్తుంది. మనకిది మామూలు సంగతే. నూరేళ్ల క్రితం కాదు. మగ డాక్టరుకు చూపించుకోలేక, ఆడ డాక్టరు దొరకక కాన్పులోనే కన్నుమూసిన తల్లులు ఎందరో. ఆ బాధ విని సముద్రం దాటి మన తెలుగునేలకు వచ్చిన డాక్టరమ్మ గురించి ఈసారి చెప్పుకుందాం.

మేరీ గ్లౌరీ 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పుట్టారు. ఆడపిల్లలు డాక్టరు చదవడమే అరుదైన రోజుల్లో, మెల్‌బోర్న్‌లో చదివి 1910లో డాక్టరయ్యారు. మంచి ప్రాక్టీసు ఉండేది. 1915లో ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. అది ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ గురించి. ఇండియాలో వైద్యం అందక తల్లులు, పసిబిడ్డలు ఎలా చనిపోతున్నారో అందులో చదివారు. ఇక తన పని అక్కడే అనుకున్నారు.

వెంటనే బయల్దేరడానికి లేదు, ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఆ రోజుల్లో ఆమె ఊరికే కూర్చోలేదు. 1916లో అక్కడి కాథలిక్ మహిళా సంఘానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. కాన్పులు, స్త్రీల జబ్బులు, కంటి వైద్యంలో పై చదువు చదివి 1919లో ఎం.డి. పొందారు.

1920 ఫిబ్రవరి 12న గుంటూరు చేరారు. జె.ఎం.జె. సిస్టర్ల సభలో చేరారు. అయితే అప్పట్లో సిస్టర్లు డాక్టరు పని చేయడానికి చర్చి నియమాలు ఒప్పుకోవు. పోప్ పదిహేనవ బెనెడిక్ట్ ఆమెకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. మిగతా సిస్టర్లకు ఆ దారి తెరుచుకున్నది 1936లో.

గుంటూరులో చిన్న మందుల గదిగా మొదలైన పని సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా ఎదిగింది. పల్లెలకూ వెళ్లి రోగులను చూసేవారు. అన్నీ తానొక్కతే చేస్తే చాలదని, ఇక్కడి ఆడపిల్లలకే నర్సు పని, మంత్రసాని పని, మందులు కలిపే పని నేర్పించారు. మళ్లీ పుట్టిన దేశానికి పోలేదు.

1943లో మరో మాట ఆలోచించారు. ఎక్కడికక్కడ విడిగా ఉన్న మిషన్ ఆసుపత్రులు ఒక్కటైతే బలం వస్తుందని, 16 మంది సిస్టర్లతో ఒక సంఘం పెట్టారు. మన భాషలో చెప్పాలంటే సమాఖ్య! ఇప్పుడు దాని ముఖ్య కార్యాలయం మన సికింద్రాబాద్‌లోనే ఉంది. మూడు వేలకు పైగా సంస్థలు అందులో సభ్యులు. ఒక వైద్య కళాశాల కూడా ఉండాలన్నది ఆమె కల. అది బెంగళూరులో సెయింట్ జాన్స్ పేరుతో 1963లో నెరవేరింది. చూడటానికి ఆమె లేరు. క్యాన్సర్‌తో బాధపడి 1957 మే 5న బెంగళూరులో కన్నుమూశారు. 2013లో చర్చి ఆమెను దైవ సేవకురాలిగా ప్రకటించింది. పునీతురాలి హోదాకు వెళ్లే దారిలో అది మొదటి మెట్టు.

మనం డాక్టర్లం కాదు. కానీ మనలో చాలామందిమి ఇంట్లో అందరికీ చూపించాక, మన నొప్పి సంగతి చివరికి చూసుకుంటాం. చెప్పుకోలేక దాచుకుంటాం. అందుకే నెల మీటింగులో పొదుపు లెక్క అయ్యాక ఇంకో మాట కూడా అడుగుదాం: ఎవరికి నెలలు నిండాయి, ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఆసుపత్రికి తోడు ఎవరు వెళ్తారు? ఆ డాక్టరమ్మ అంత దూరం నుంచి వచ్చింది. మనం పక్క గల్లీ దాకా వెళ్లలేమా?