తమ్మ గింజల్లో దొరికిన నోబెల్

బాత్‌రూమ్ ఒక్కరోజు కడగకపోతే ముక్కులు మూసుకుంటాం కదా! ఆ ఘాటు అమోనియా వాయువుది. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు యూరియేజ్ అనే ఎంజైమ్‌తో విడగొడితే అమోనియా, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఎంజైమ్ కంటికి కనబడదు. వాయువు ఎంత వేగంగా వస్తోందో కొలిచి, అది ఎంత చురుగ్గా ఉందో చెబుతారు. ఇప్పటి ల్యాబ్‌లో గ్యాస్ సెన్సర్ పెడితే కంప్యూటర్ తెర మీద గీత దానంతటదే పైకి పోతుంది. సెన్సర్లు లేని రోజుల్లో ఈ యూరియేజ్ వెంటే తొమ్మిదేళ్లు పడ్డ మనిషి గురించి మీ పిల్లలకు చెప్పండి.

జేమ్స్ సమ్నర్ 1887లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టారు. పదిహేడేళ్లప్పుడు వేటలో తోటివాడి తుపాకీ గుండు తగిలి ఎడమ చేయి మోచేతి కింద తీసేశారు. ఆయనదేమో ఎడమచేతి వాటం. రాయడం దగ్గర్నుంచి అన్నీ కుడిచేత్తో మళ్లీ నేర్చుకున్నారు. టెన్నిస్ కూడా వదల్లేదు, బహుమతులు గెలిచేంతగా ఆడారు.

హార్వర్డ్‌లో పరిశోధనకు వెళ్తే ప్రొఫెసర్ ఒట్టో ఫోలిన్, ఒంటిచేత్తో కెమిస్ట్రీ కష్టం, లా చదువుకోమని సలహా ఇచ్చారు. (మన యల్లాప్రగడ సుబ్బారావు గారు తర్వాత పనిచేసింది ఈ ఫోలిన్ గారి విభాగంలోనే.) చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదది. పిల్లల మేలు కోరి మనమూ ఇలాంటివి అంటూనే ఉంటాం. సమ్నర్ వినలేదు. 1914లో అక్కడే డాక్టరేట్ తీసుకుని కార్నెల్‌లో ఉద్యోగంలో చేరారు.

1917లో యూరియేజ్‌ను శుద్ధంగా వేరు చేయాలని పట్టుబట్టారు. మన తమ్మకాయకు దగ్గరి చుట్టమైన జాక్ బీన్ గింజల్లో అది దండిగా ఉంటుంది. పిండి నానబెట్టి, వడకట్టి, ఏ భాగంలో ఎంజైమ్ ఉందో తెలుసుకోవడానికి ప్రతిసారీ యూరియాలో కలిపి, పుట్టిన అమోనియాను కొలవాలి. ఐదు నిమిషాల్లో, 20 డిగ్రీల దగ్గర, అమోనియా రూపంలో ఒక మిల్లీగ్రాము నైట్రోజన్ వస్తే ఒక యూనిట్. అంకె పెరిగిన భాగం ఉంచుకోవడం, తగ్గినది పారబోయడం. చల్లబరచడానికి మొదట్లో ఐస్ పెట్టె కూడా లేదు. గాజు పాత్రలు కిటికీ గట్టు మీద పెట్టి, రాత్రి చలి బాగా పెట్టాలని కోరుకునేవారు!

1926లో ఆల్కహాల్ మాని అసిటోన్ వాడి చూశారు. చుక్క తీసి మైక్రోస్కోప్ కింద పెడితే చిన్న చిన్న స్ఫటికాలు! కరిగించి పరీక్షిస్తే యూరియాను విపరీతమైన వేగంతో విడగొట్టాయి. పైగా అవి ప్రోటీన్. ఆయన ఫోన్ దగ్గరికి వెళ్లి ముందు భార్యకు చెప్పారు.

లోకం మాత్రం నమ్మలేదు. ఎంజైమ్‌లు ప్రోటీన్లు కావని నోబెల్ గ్రహీత విల్‌స్టాటర్ బృందం జర్మనీలో గట్టిగా వాదించింది. 1930లో నార్త్రాప్ పెప్సిన్‌ను స్ఫటికంగా తీశాక గాలి మారింది. 1946లో నోబెల్ వచ్చింది, ఇరవై ఏళ్ల తర్వాత. 1955లో సమ్నర్ కన్నుమూశారు.

కడుపులో అల్సర్ అనుమానం ఉంటే కొన్ని ఆస్పత్రుల్లో యూరియా తాగించి సంచిలోకి ఊదమంటారు. ఆ ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పరీక్షించి వాళ్లు వెతికేది, కడుపులో చేరిన బ్యాక్టీరియా తాలూకు యూరియేజ్‌నే.