ఓరుగల్లు బందీ, ఢిల్లీ వజీరు: ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ తిలంగానీ జీవితం

మన పల్నాటి వాళ్ళకు యుద్ధం కథలు కొత్త కాదు. ఏటా కార్తీక మాసం వచ్చిందంటే కారెంపూడిలో వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. నాగులేటి ఒడ్డున ఆ వీరుల ఆయుధాలకు జరిగే పూజ చూడటానికి నలుమూలల నుంచీ జనం వస్తారు. మన వాళ్ళలోనూ చిన్నతనంలో తండ్రి భుజం మీదెక్కి ఆ తిరునాళ్ళు చూడని వాళ్ళు తక్కువ. అక్కడ తలచుకునేది రణరంగంలో నేలకొరిగిన వాళ్ళను. అయితే ఏ యుద్ధంలోనైనా గెలిచినవాళ్ళూ, చచ్చిపోయినవాళ్ళూ కాక ఇంకో రకం మనుషులు కూడా మిగులుతారు. వాళ్ళు శత్రువు చేత చిక్కి, ప్రాణంతో మిగిలినవాళ్ళు. వాళ్ళకు గుళ్ళు లేవు, తిరునాళ్ళు లేవు. అందులోనూ పట్టుకున్న శత్రువు కొలువులోనే చేరినవాడిని గురించి చెప్పవలసి వస్తే మన నోట మొట్టమొదట వచ్చే మాట ద్రోహి అనే.

అటువంటి ఒక తెలుగువాడి జీవితాన్ని ఈ సంచిక పాఠకులకు పరిచయం చేయాలని నా కోరిక. ఆయన కాకతీయ ప్రతాపరుద్రుని సేనానిగా ఉండి, ఓరుగల్లు పతనమైనప్పుడు బందీ అయి, చివరకు ఢిల్లీ సల్తనతుకు ప్రధాన మంత్రి అయిన మాలిక్ మక్బూల్. చరిత్రలో ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ తిలంగానీ అంటారు. తిలంగానీ అంటే తెలుగు దేశపు మనిషి అని. ఢిల్లీలో అంత ఎత్తుకు ఎదిగినా ఊరి పేరు మాత్రం ఆయన్ని వదిలిపెట్టలేదన్నమాట.

ఆయన అసలు పేరు గన్నమ నాయకుడు. నాగయ గన్న సేనాని అని కూడా వ్యవహారం. తిక్కన సోమయాజి శిష్యుడైన మారన మహాకవి తన మార్కండేయ పురాణాన్ని అంకితం చేసింది ఈ గన్న సేనానికేనని మన చరిత్ర పరిశోధకులు చాలామంది నిర్ణయించారు. తర్వాతి కాలంలో అల్లసాని పెద్దన మనుచరిత్రకు కథ తీసుకున్నది ఈ మారన పురాణం నుంచే. అంటే బందీ కాకముందే ఈయన తెలుగు సాహిత్యంలో చోటు సంపాదించుకున్న మనిషి.

పారశీక చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ గ్రంథంలో ఈయన మొదటి పేరు కన్ను అని కనిపిస్తుంది. కొందరు దానినే కట్టు అని చదివారు. ఉర్దూ చదువుకున్న మన పెద్దలకు ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. కాఫ్‌కూ గాఫ్‌కూ తేడా ఒక్క గీత. పాత వ్రాతప్రతుల్లో ఆ గీత తరచుగా పెట్టేవారే కాదు. నూన్‌కు ఒక చుక్క, తేకు రెండు చుక్కలు. కనుక గన్ను అన్నది కన్ను అయింది, కన్ను కట్టు అయింది. మనిషి మాత్రం ఒక్కడే.

ఇక ఓరుగల్లు సంగతి. అప్పట్లో మన పల్నాడు కూడా కాకతీయుల ఏలుబడిలోదే. 1309-10లో మాలిక్ కాఫూర్ ఢిల్లీ సైన్యంతో ఓరుగల్లు మీదికి వచ్చి కప్పం తీసుకుపోయాడు. తర్వాత కప్పం ఆగిపోవడంతో మళ్ళీ దండయాత్రలు జరిగాయి. ఘియాసుద్దీన్ తుగ్లక్ సుల్తాను అయ్యాక తన కుమారుడు ఉలూగ్ ఖాన్‌ను పంపాడు. ఈయన మొదటి పేరు జౌనా ఖాన్. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అనే పేరుతో గద్దె ఎక్కింది ఈయనే. ఈయన మొదటి ప్రయత్నం విఫలమైంది. రెండోసారి 1323లో కోట లొంగిపోయింది. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్‌గా మారింది. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపారు. ఆయన ఢిల్లీ చేరనేలేదు. దారిలో నర్మదా తీరాన ప్రాణం విడిచినట్లు ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం చెబుతున్నది.

రాజు పోయాడు, రాజ్యం పోయింది. ఇక గన్నమ ఎవరి పక్షాన నిలబడాలి? ఈ ప్రశ్న వేసుకోకుండా ఆయన్ని తీర్పు చెప్పడం తేలిక. అఫీఫ్ చెప్పిన ప్రకారం రాజు మార్గమధ్యంలో మరణించిన తర్వాతనే ఈయన సుల్తాను ఎదుటికి వెళ్ళి కలిమా చదివి ఇస్లాం స్వీకరించాడు. సుల్తాను ఆయనకు మక్బూల్ అని పేరు పెట్టాడు. ఆ మాటకు అంగీకరింపబడినవాడని అర్థం. ఆ క్షణంలో ఆయన మనసులో విశ్వాసమెంత, భయమెంత, బ్రతుకుమీద ఆశ ఎంత అన్నది అల్లాహ్‌కే ఎరుక. బందీ చేతులతో చేసిన నిర్ణయాన్ని పూర్తి స్వేచ్ఛతో చేసిందని గొప్పలు చెప్పుకోవడం మనకు తగదు. ఆయన్ని తూలనాడటమూ తగదు.

బందీలను పెంచి పెద్ద చేయడం ఢిల్లీ కొలువుకు అలవాటే. ఓరుగల్లును మొదట ముట్టడించిన మాలిక్ కాఫూర్ మాత్రం ఎవరు? 1299లో గుజరాతు దండయాత్రలో ఖంబాయతు రేవులో చిక్కిన బానిస. అంటే తెలుగు కోట మీదికి వచ్చిన సేనాపతి కూడా ఒకప్పుడు ఓడిపోయిన పక్షం వాడే. ఆనాటి సుల్తానులకు నమ్మకమైన మనుషులు కావాలి. వెనుక బలగం లేని బందీ అయితే తనను పెంచిన ప్రభువునే నమ్ముకుని ఉంటాడని వాళ్ళ లెక్క. ఆ లెక్క కొందరి విషయంలో ఫలించింది, కొందరి విషయంలో ఫలించలేదు.

మక్బూల్‌కు పారశీకంలో చదవడం, వ్రాయడం రాదని అఫీఫ్ దాచకుండా వ్రాశాడు. అయినా తెలివితేటలలో దర్బారులో ఆయనకు సాటి వచ్చేవారు కొద్దిమందేనట. సుల్తాను ఆయనకు ఖివాముల్ ముల్క్ అనే బిరుదిచ్చి, నాయబు వజీరు పదవి ఇచ్చాడు. ఆ రోజుల్లో ఆయన పేర వెలువడే పరవానాల మీద తనను మహమ్మద్ తుగ్లక్ బానిసగానే పేర్కొనేవాడు.

ఆయన జీవితంలో అన్నిటికంటే కష్టమైన ఘట్టం ఇక్కడ వస్తుంది. ఒకప్పుడు తాను కాపాడిన ఓరుగల్లుకే ఢిల్లీ తరఫున అధికారిగా ఆయన తిరిగి వచ్చాడు. అవే వీధులు, అదే కోట, అదే భాష. కాని జనం కంటికి ఆయన మునుపటి గన్నమ నాయకుడు కాదు. 1335-36 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు తిరుగుబాటు చేసి ఓరుగల్లు పట్టుకున్నాడు. మక్బూల్ కోట విడిచి ఢిల్లీకి పారిపోవలసి వచ్చింది. ఈ సంగతి చరిత్రకారుడు బరనీ వ్రాశాడు. సొంత గడ్డ మీద నిలబడలేకపోయాడు. ఇది ఆయన జీవితంలో ఓటమి. దాన్ని కప్పిపుచ్చవలసిన పని లేదు.

అదే సమయంలో ఇంకో రకం మనుషులూ ఉన్నారు. సుల్తాను కంపిలికి పంపిన ఒక వ్యక్తి కొత్త మతాన్నీ, కొత్త ప్రభువునూ వదిలిపెట్టి తిరుగుబాటు చేశాడని బరనీయే చెప్పాడు. విజయనగరం స్థాపించిన హరిహర, బుక్కరాయల గురించి కూడా ఇటువంటి కథే ప్రచారంలో ఉన్నది. దానిపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. అలాగే కాపయ నాయకుడు కొన్నేళ్ళ తర్వాత ఢిల్లీ మీద తిరగబడిన దక్కను ముస్లిం అమీర్లకు సాయం చేశాడు. బహమనీ రాజ్యం ఏర్పడ్డాక అదే రాజ్యంతో పోరాడవలసి వచ్చి గోల్కొండ వదులుకున్నాడు. కనుక ఆనాటి యుద్ధాలన్నిటినీ రెండు మతాల మధ్య పోరుగా లెక్కకట్టి చెప్పేవాళ్ళ మాట మనం అప్పగించుకుని నమ్మరాదు.

ఓరుగల్లు పోయినా మక్బూల్ మీద సుల్తానుకు నమ్మకం పోలేదు. ముల్తాను ఇచ్చాడు. అక్కడ ఉండగా మక్బూల్‌కు కుమారుడు పుట్టాడు. కబురు తెలిసిన సుల్తాను ఆ బిడ్డకు జౌనా షా అని పేరు పెట్టమన్నాడు. అది సుల్తాను సొంత చిన్ననాటి పేరు. ఓరుగల్లు కోటను కూల్చినవాని పేరే ఓరుగల్లు సేనాని కుమారునికి వచ్చింది. తండ్రి దాన్ని గౌరవంగానే స్వీకరించాడు.

1351 మార్చిలో మహమ్మద్ బిన్ తుగ్లక్ సింధులో థట్టా దగ్గర మరణించాడు. సైన్యంలో ఉన్న ఫిరోజ్ షాను అమీర్లు సుల్తానును చేశారు. ఇక్కడ ఢిల్లీలో వృద్ధుడైన వజీరు ఖ్వాజా జహాన్ ఒక పసివాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టాడు. మక్బూల్ అప్పుడు ఢిల్లీలోనే ఉన్నాడు. మళ్ళీ అదే ప్రశ్న, ఎటు వెళ్ళాలి? ఖ్వాజా జహాన్ ఆయన్ని పట్టుకోవాలని చూస్తున్నాడు. మక్బూల్ కుటుంబాన్ని వెంటబెట్టుకుని, తన మనుషులను ఆయుధాలతో నిలిపి, నగరం దాటి ఫిరోజ్ షాను చేరుకున్నాడు. ఫిరోజ్ షా ఆయన్ని వజీరుగా నియమించి, ఖాన్-ఎ-జహాన్ బిరుదునిచ్చాడు.

ఆ తర్వాత సుమారు 18 సంవత్సరాలు రాజ్య భారమంతా ఆయన చేతుల మీదుగానే నడిచింది. సల్తనతు ఆదాయం 6 కోట్ల 75 లక్షల టంకాలని అఫీఫ్ లెక్క. పరగణాల అధికారుల దగ్గర పైసాతో సహా లెక్క వసూలు చేయడంలో ఖాన్-ఎ-జహాన్ గట్టివాడు. ఆయన జీతమే 13 లక్షల టంకాలు. ఆయన్ని ఫకీరని చెప్పబోవడం లేదు. భోగంగా బ్రతికాడు, అంతఃపురం కూడా చాలా పెద్దది. మనిషన్నాక లోపాలుంటాయి.

ఫిరోజ్ షా బెంగాలుకూ, జాజ్‌నగర్‌కూ, నగర్‌కోటకూ, థట్టాకూ దండయాత్రలు వెళ్ళినప్పుడు ఢిల్లీని ఖాన్-ఎ-జహాన్‌కు అప్పగించి వెళ్ళేవాడు. థట్టా దండయాత్రలో సుల్తాను సైన్యం కచ్ఛ్ రణ్‌లో ఉప్పునేలల మధ్య దారి తప్పింది. ఆరు నెలలపాటు ఢిల్లీకి ఒక్క వార్తా లేదు. సుల్తాను బ్రతికి ఉన్నాడో లేదో తెలియదు. ఖజానా ఈయన చేతిలో ఉన్నది, సేన ఈయన చేతిలో ఉన్నది. ఆ రోజుల్లో ఆ స్థితిలో ఉన్న ఏ అమీరైనా ఏం చేసేవాడో ఊహించుకోవచ్చు. గద్దె రెండడుగుల దూరంలో ఉన్నది.

ఖాన్-ఎ-జహాన్ ఏం చేశాడంటే, సుల్తాను మహళ్ళలోని విలువైన వస్తువులను భద్రత కోసం తన ఇంటికి తరలించాడు. రోజూ బలగంతో నగరమంతా తిరిగి జనానికి ధైర్యం చెప్పాడు. ఆందోళన మరీ పెరిగినప్పుడు, సుల్తాను క్షేమమని తెలిపే ఉత్తరం వచ్చినట్లు తానే ఒకటి సృష్టించి, బహిరంగంగా చదివించి, నగారాలు మోగించాడు. ఆ ఉత్తరం అబద్ధమే. కాని దాని వల్ల ఊళ్ళో దోపిడీ జరగలేదు, కత్తి దూయబడలేదు. తర్వాత నిజమైన కబురు వచ్చి సుల్తాను సైన్యం కావాలని అడిగితే, ఆలస్యం చేయకుండా పంపించాడు. సుల్తాను తిరిగి వచ్చేసరికి రాజ్యం అప్పగించినది అప్పగించినట్లే ఉన్నది. అమానతు అంటే ఇదే కదా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఐనుల్ ముల్క్ మాహ్రూ అనే పండితుడు లెక్కల శాఖ పెద్దగా ఉండేవాడు. ఆయనకూ ఖాన్-ఎ-జహాన్‌కూ పడేది కాదు. గొడవ ముదిరి, ఐనుల్ ముల్క్ పదవి పోయింది. తర్వాత సుల్తాను ఆయనకు ముల్తాను ఇచ్చాడు. అక్కడి లెక్కలు ఖాన్-ఎ-జహాన్ దివాణానికి చూపనక్కరలేదన్న షరతు మీదనే ఆయన ఒప్పుకున్నాడు. కొందరు దర్బారీలు ఇదే అదనని ఖాన్-ఎ-జహాన్‌ను తొలగించమని సుల్తానుకు నూరిపోశారు. సుల్తాను ఐనుల్ ముల్క్‌నే సలహా అడిగాడు. అంత వైరం ఉన్న మనిషి, ఇటువంటి వజీరును పోగొట్టుకోవడం రాజ్యానికి చేటని చెప్పాడు. ఇది తెలిసి ఖాన్-ఎ-జహాన్ ఆయన్ని కౌగలించుకున్నాడట. విరోధి నోట మంచి అనిపించుకోవడం కంటే పెద్ద యోగ్యతాపత్రం వేరే ఏముంటుంది?

హిజ్రీ 770లో, అంటే 1368-69లో, ఖాన్-ఎ-జహాన్ వృద్ధాప్యంలో కన్ను మూశాడు. ఇంచుమించు అదే కాలంలో ఇక్కడ తెలుగునాట కాపయ నాయకుడు రేచర్ల వెలమ నాయకులతో యుద్ధంలో మరణించాడు. ఓరుగల్లులో ఒకరినొకరు ఎదిరించిన ఇద్దరూ కొద్ది కాలం తేడాలో వెళ్ళిపోయారు. ఒకరిని వీరుడని తలచుకుంటున్నాం. రెండవవాని సమాధి ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ దర్గా సమీపాన ఉన్నది. ఢిల్లీలో ఎనిమిది పలకలుగా కట్టిన మొదటి సమాధి అదే. తర్వాత సయ్యదుల, లోదీల కాలంలో ఆ పద్ధతిలో ఎన్నో కట్టారు. ససారాంలోని షేర్ షా సమాధిదీ ఆ వరుసే. చాలాకాలం ఆ కట్టడం ఇళ్ళ మధ్య ఇరుక్కుని, ఎవరిదో తెలియకుండా ఉండిపోయింది.

తండ్రి పదవి కుమారుడు జౌనా షాకు దక్కింది. ఆయన ఢిల్లీలో ఖిడ్కీ మసీదు, తుర్క్‌మాన్ దర్వాజా దగ్గరి కలాన్ మసీదు వంటివి కట్టించాడు. 1379లో ముల్లా దావూద్ వ్రాసిన చాందాయన్ అనే హిందవీ కావ్యంలో ఈయన ప్రశంస ఉన్నది. తండ్రికి తెలుగు పురాణం, కొడుకు పొగడ్తకు హిందవీ కావ్యం! కాని దర్బారు రాజకీయాలలో చిక్కుకుని జౌనా షా 1387లో చంపబడ్డాడు. తండ్రి దాటిన గండం కొడుకు దాటలేకపోయాడు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. గన్నమ ద్రోహియా? తన రాజు బ్రతికి, కోట నిలిచి ఉండగా తలుపు తీసిచ్చి ఉంటే నిస్సందేహంగా ద్రోహే. ఆయన చేసింది అది కాదు. రాజు పోయాక, చెరలో ఉండి కొత్త కొలువు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న తర్వాత, ఎవరూ చూడని ఆరు నెలల్లో కూడా, మాట తప్పలేదు. అలాగని ఓరుగల్లు జనం ఆయన్ని తరిమినందుకు వాళ్ళనూ తప్పుపట్టలేము. వాళ్ళ బాధ వాళ్ళది.

ఒక్క మాట మరువరాదు. ఓరుగల్లులో బందీలైనది సేనాని ఒక్కడే కాదు. సామాన్య సైనికులు, వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు ఎందరో ఉండి ఉంటారు. వాళ్ళు ఏ దారిన నడిచారో, ఎక్కడ స్థిరపడ్డారో ఏ అఫీఫూ వ్రాయలేదు. మన పిల్లలు బడిలోనో బజారులోనో మీ పూర్వీకులు ఎటువైపు వాళ్ళని ఎవరైనా అడిగితే తల దించుకోనక్కరలేదు, తగాదా పడనూ అక్కరలేదు. గన్నమ నాయకుని కథ చెబితే చాలు. ఎటునుంచి వచ్చామన్నది మన చేతిలో లేదు. మనకు అప్పగించినదాన్ని ఎలా కాపాడామన్నది మన చేతిలో ఉన్నది. అల్లాహ్ ఆయన తప్పులను మన్నించి, ఆయన అమానతును స్వీకరించుగాక.