షిగియో షింగో
షిగియో షింగో (జనవరి 8, 1909 - నవంబరు 14, 1990) జపాను దేశానికి చెందిన సుప్రసిద్ధ పారిశ్రామిక ఇంజనీరు. ఇతడు సాగా పట్టణంలో జన్మించాడు. యంత్రాలపై అచ్చులు మార్చే పనిని 10 నిమిషాల లోపు ముగించే పద్ధతిని రూపొందించాడు.

1950లో హిరోషిమాలోని టోయో కోగ్యో కర్మాగారంలో, ఒక్క బోల్టు లేనందున పెద్ద ప్రెస్సు పని నిలిచిపోవుట గమనించాడు. అప్పటినుండి యంత్రం ఆపి చేయవలసిన పనులను, అది నడుస్తుండగానే ముగించదగిన పనులను వేరుచేశాడు. బోల్టును నిజంగా బిగించేది చివరి చుట్టు మాత్రమే కనుక, ఒకే చుట్టుతో బిగిసే అమరికలను సూచించాడు.

1969లో టయోటా సంస్థలో 1,000 టన్నుల ప్రెస్సుపై 4 గంటలు పట్టే మార్పిడిని మొదట 90 నిమిషాలకు, పిదప 3 నిమిషాలకు తగ్గించాడు. తత్ఫలితంగా ఒకే రకం భాగాలను పెద్దమొత్తంలో తయారుచేసి నిల్వ ఉంచవలసిన అవసరం తగ్గింది.

1988లో అమెరికాలోని యూటా స్టేట్ విశ్వవిద్యాలయం ఇతని పేరిట బహుమతిని నెలకొల్పింది.